అంతరిక్ష శాస్త్రవేత్తలతో విద్యార్థుల ముఖాముఖి: కొల్లేటి లంకల ప్రశ్నకూ చోటుండాలి

ఏలూరు: 2023 ఆగస్టు 23వ తేదీ సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతానికి చేరువలో సురక్షితంగా దిగింది. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ యూట్యూబ్ ద్వారా అందించిన ప్రత్యక్ష ప్రసారాన్ని ఒక దశలో 80 లక్షల మందికి పైగా ఏకకాలంలో వీక్షించడం విశేషం. దేశవ్యాప్తంగా పాఠశాలలు ఆ దృశ్యాన్ని విద్యార్థులకు చూపేందుకు సాయంత్రం వేళ ప్రత్యేకంగా తెరచి ఉంచబడ్డాయి. ఆ తేదీని జాతీయ అంతరిక్ష దినోత్సవంగా కేంద్ర ప్రభుత్వం ప్రకటించగా, 2024 నుంచి దానిని ఏటా పాటిస్తున్నారు.

ఆ సాయంత్రం చూసిన విద్యార్థుల సంఖ్య చాలా పెద్దది. అయితే చూసినవారిలో శాస్త్రవేత్తను ఒక ప్రశ్న అడిగి, సమాధానం పొందగలిగినవారు ఎందరు అన్నది వేరే లెక్క. ఇటీవలి సంవత్సరాలలో అంతరిక్ష శాస్త్రవేత్తలను, ఇంజనీర్లను ఇంటర్నెట్ ద్వారా తరగతి గదిలోకి తీసుకువచ్చే కార్యక్రమాలు పెరిగాయి. ఇవి ఎంతో ఆహ్వానించదగినవి. ఇటువంటి కార్యక్రమాలు ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలకు, కొల్లేరు పరిసర గ్రామాలకు ఏ విధంగా ఉపకరిస్తాయి, అవి ఫలవంతం కావాలంటే ఏమి అవసరం అనే విషయాలు పరిశీలించదగినవి. ఎంతమంది చూశారన్న లెక్కతో కాక, విద్యార్థి తన ఊరి నుంచి తెచ్చిన ప్రశ్నకు సమాధానం దొరికిందా లేదా అన్న దానితోనే వీటి విలువను నిర్ణయించవలసి ఉంటుంది.

అర్ధ శతాబ్దపు ప్రయత్నం

అంతరిక్ష సాంకేతికతను గ్రామీణ పాఠశాలకు చేర్చాలన్న ఆలోచన మన దేశానికి కొత్తది కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు జరిగిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం, అంటే సైట్, ఈ దిశలో తొలి పెద్ద అడుగు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం సహాయంతో ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. ఆ ఆరు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రసార భాషలలో తెలుగు ఒకటి. విద్యుత్తు సరిగా అందని రోజులలో పల్లె బడి ముందు టెలివిజన్ పెట్టె ఉంచి, ఉదయం వేళ పిల్లలకు పాఠాలు చూపించిన ఆ ప్రయోగం ప్రపంచ దేశాల దృష్టిని ఆకర్షించింది.

అనంతరం 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్‌వీ-ఎఫ్01 రాకెట్ ద్వారా ఎడ్యుశాట్ ఉపగ్రహం ప్రయోగించబడింది. సుమారు 1,950 కిలోల బరువుగల ఈ ఉపగ్రహం కేవలం విద్యావసరాల కోసమే భారతదేశం రూపొందించుకున్న తొలి ఉపగ్రహం. 2010లో దాని సేవలు ముగిశాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మన టీవీ ద్వారా ఉపగ్రహ పాఠాలు విద్యాసంస్థలకు చేరాయి. ఇస్రోకు చెందిన డెహ్రాడూన్‌లోని భారత సుదూర సంవేదన సంస్థ 2007 నుంచి ఎడ్యుశాట్ ఆధారంగా విశ్వవిద్యాలయాలకు ప్రత్యక్ష బోధనను ప్రారంభించి, క్రమంగా దానిని ఇంటర్నెట్ మార్గంలోకి మార్చి, విస్తృతపరచింది.

ఈ ప్రస్థానంలో గమనించదగిన మార్పు ఒకటి ఉంది. 1975లో పల్లె బాలుడు తెరపై పాఠాన్ని చూడగలిగాడు గాని, తెరలోని వ్యక్తికి తన మాట వినిపించే మార్గం అతనికి లేదు. ఎడ్యుశాట్ కాలంలో ప్రత్యేక పరికరాలున్న కేంద్రాలకు మాత్రమే ఆ వీలు లభించింది. 2020లో కోవిడ్ కారణంగా పాఠశాలలు మూతపడిన తరువాత సాధారణ సెల్‌ఫోన్ సైతం ఇరువైపులా సంభాషించే సాధనంగా మారింది. మాట వినిపించే మార్గం నేడు అందుబాటులో ఉంది. ఆ మార్గంలో ఎవరి మాట ప్రయాణిస్తున్నది అన్నదే ఇప్పటి ప్రశ్న.

ఇటీవలి అనుభవాలు

గత కొద్ది సంవత్సరాలలో జరిగిన నాలుగు ప్రయత్నాలను పరిశీలిస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది.

మొదటిది, ఇస్రో 2019లో ప్రారంభించిన యువ విజ్ఞాని కార్యక్రమం, యువికా. తొమ్మిదవ తరగతి విద్యార్థులను ఎంపిక చేసి, ఇస్రో కేంద్రాలలో సుమారు రెండు వారాలపాటు ఉంచి, శాస్త్రవేత్తలతో కలిసి నేర్చుకునే అవకాశం ఇందులో కల్పిస్తారు. ఎంపికలో గ్రామీణ పాఠశాలల విద్యార్థులకు ప్రాధాన్యం ఇవ్వడం ప్రశంసనీయం. అయితే ఎంపికయ్యేవారి సంఖ్య పరిమితం. తొలి సంవత్సరంలో ఒక్కొక్క రాష్ట్రం నుంచి ముగ్గురికి మాత్రమే అవకాశం లభించింది. మిగిలిన లక్షల మందికి చేరువయ్యేది ఇంటర్నెట్ మార్గమే.

రెండవది, పాఠశాలల్లోని అటల్ టింకరింగ్ ప్రయోగశాలలతో ఇస్రో పెట్టుకున్న అనుబంధం. దేశంలో 100 ప్రయోగశాలలను దత్తత తీసుకుని విద్యార్థులకు మార్గదర్శనం చేస్తామని 2021 జనవరిలో ఇస్రో ప్రకటించింది. అదే సంవత్సరం సెప్టెంబరులో అటల్ ఇన్నోవేషన్ మిషన్, సీబీఎస్ఈలతో కలిసి విద్యార్థులకు అంతరిక్ష అంశాలపై పోటీని నిర్వహించింది. ఒక రోజు ఉపన్యాసం కన్నా ఏడాది పొడవునా సాగే మార్గదర్శనం మేలైనదన్న గుర్తింపు ఇందులో కనిపిస్తుంది.

మూడవది, ఆజాదీశాట్. దేశంలోని 75 ప్రభుత్వ పాఠశాలలకు చెందిన 750 మంది బాలికలు, చెన్నై కేంద్రంగా పనిచేసే స్పేస్ కిడ్జ్ ఇండియా సంస్థ మార్గదర్శనంలో ఆన్‌లైన్ తరగతుల ద్వారా నేర్చుకుని, ఒక్కొక్కటి సుమారు 50 గ్రాముల బరువుగల 75 చిన్న పరికరాలను కూర్చారు. ఆ పరికరాలతో తయారైన 8 కిలోల ఉపగ్రహం 2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుంచి ఎస్ఎస్ఎల్‌వీ-డీ1 రాకెట్‌పై బయలుదేరింది. 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యకు బదులు, ఒక కొస 76 కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోయే దీర్ఘవృత్త కక్ష్యలో రాకెట్ దానిని వదిలింది. రెండవ దశ వేరుపడే సమయంలో కలిగిన ప్రకంపనలను కొలత పరికరాలు తప్పుగా గ్రహించడమే ఇందుకు కారణమని తేలింది. ఉపగ్రహం నిలవలేదు. ఆరు నెలల తరువాత, 2023 ఫిబ్రవరి 10న ఎస్ఎస్ఎల్‌వీ-డీ2 రాకెట్ ఆజాదీశాట్-2ను నిర్ణీత కక్ష్యలో ప్రవేశపెట్టింది. ఓటమికి కారణం ఏమిటో కనుగొని, సరిదిద్ది, తిరిగి ప్రయోగించడం వరకు ఆ బాలికలు దగ్గరుండి చూశారు. ఏ పాఠ్యపుస్తకమూ ఇంతకన్నా చక్కగా విజ్ఞానశాస్త్ర పద్ధతిని బోధించలేదు.

నాల్గవది, గ్రూప్ కెప్టెన్ శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి విద్యార్థులతో జరిపిన సంభాషణ. 2025 జూన్ 25న యాక్సియం-4 యాత్రలో బయలుదేరి, జూలై 15న భూమికి తిరిగివచ్చిన ఆయన, జూలై నెలలో లక్నో, తిరువనంతపురం, బెంగళూరు, షిల్లాంగ్ కేంద్రాల నుంచి విద్యార్థులు అడిగిన ప్రశ్నలకు సమాధానాలిచ్చారు. 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ రోదసికి వెళ్లినప్పుడు పాఠశాల విద్యార్థులకు ఇటువంటి అవకాశం లేదు. నలభై ఒక్క సంవత్సరాలలో వచ్చిన మార్పు ఇది.

పది నిమిషాల లెక్క

శుక్లా సంభాషణలలో కొన్ని హామ్ రేడియో ద్వారా జరిగాయి. అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములతో పాఠశాల విద్యార్థులు రేడియోలో మాట్లాడే ఈ పద్ధతి 2000 డిసెంబరులో అమెరికాలోని ఒక పాఠశాలతో మొదలై, నేటికీ ప్రపంచవ్యాప్తంగా కొనసాగుతున్నది. భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో, గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో పరిభ్రమించే ఆ కేంద్రం ఒక ఊరి ఆకాశంలో ఒక దిక్కున ఉదయించి మరొక దిక్కున అస్తమించడానికి పట్టే కాలం సుమారు పది నిమిషాలు. రేడియో తరంగాలు సూటిగా అందేది ఆ కొద్ది వ్యవధిలోనే. విద్యార్థి మైకు ముందుకు వచ్చి, ప్రశ్న అడిగి, ‘ఓవర్’ అని పలికిన తరువాతనే అవతలి నుంచి సమాధానం వస్తుంది. ఈ వ్యవధిలో పది నుంచి ఇరవై ప్రశ్నలకు మించి సాధ్యం కావు.

ఈ పరిమితి వల్ల ఒక మేలు కూడా ఉన్నది. పది నిమిషాల కోసం పాఠశాల నెలల తరబడి సిద్ధమవుతుంది. వందల ప్రశ్నలు వ్రాసి, వాటిలో పుస్తకంలో సమాధానం దొరికేవాటిని తొలగించి, అవతలి వ్యక్తి మాత్రమే చెప్పగలిగిన వాటిని మిగుల్చుకుంటుంది. నిజమైన విద్య ఆ వడపోతలోనే జరుగుతుంది. ఇందుకు భిన్నంగా గంటసేపు సాగే వీడియో సమావేశంలో కాలపరిమితి కనిపించదు కనుక సన్నాహమూ తగ్గుతుంది. స్వాగత వచనాలు, సన్మానాలు, ఉపన్యాసం ముగిసేసరికి చివరి ఐదు నిమిషాలు మిగులుతాయి. అప్పుడు ముందు వరుసలోని ఇద్దరు విద్యార్థులు ఎవరో వ్రాసి ఇచ్చిన ప్రశ్నలను చదవడంతో కార్యక్రమం పూర్తవుతుంది. అటువంటి సమావేశంలో వేలాది మంది పాల్గొన్నప్పటికీ అది 1975 నాటి టెలివిజన్ పాఠానికి భిన్నమైనది కాజాలదు.

ఒకే రైలు మార్గం, వేర్వేరు దూరాలు

తాడేపల్లిగూడెం, ఏలూరు, శ్రీహరికోటకు సమీపంలోని సూళ్లూరుపేట, ఈ మూడు రైల్వే స్టేషన్లూ హౌరా-చెన్నై ప్రధాన మార్గంలోనే ఉన్నాయి. రాకెట్ కేంద్రానికి వెళ్లే ఉద్యోగులు, సామగ్రి ప్రయాణించే అదే పట్టాల పక్కన ఈ ప్రాంతపు పిల్లలు బడికి నడిచి వెళతారు. 1971 అక్టోబరులో తొలి రోహిణి రాకెట్ ఎగసిన నాటి నుంచి శ్రీహరికోట తెలుగు నేలకు గర్వకారణంగా నిలిచింది. 2019లో అక్కడ 5,000 మంది కూర్చుని ప్రయోగాలను తిలకించే గ్యాలరీ కూడా ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. ఏటా అక్టోబరు 4 నుంచి 10 వరకు ప్రపంచ అంతరిక్ష వారోత్సవాల సందర్భంగా సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం రాష్ట్రంలోని వివిధ పట్టణాలలో ప్రదర్శనలు, వ్యాసరచన, వక్తృత్వ పోటీలు నిర్వహిస్తున్నది.

పట్టణ విద్యార్థులకు అనుకూలతలు కొన్ని ఉన్నాయి. తాడేపల్లిగూడెంలో 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఏర్పాటైంది. ఉల్లిపాయల విపణికి, రెండవ ప్రపంచ యుద్ధ కాలపు విమానాల రన్‌వేకు పేరుపొందిన ఆ పట్టణం నేడు ఇంజనీరింగ్ విద్యాకేంద్రంగా కూడా గుర్తింపు పొందింది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. 1945లో స్థాపితమైన సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల వంటి విద్యాసంస్థలు అక్కడ ఉన్నాయి. ఈ పట్టణాలలో ఒక శాస్త్రవేత్తతో ఆన్‌లైన్ సమావేశం నిర్వహించడానికి తెర, విద్యుత్తు, ఇంటర్నెట్ సమస్య కాబోవు.

కొల్లేటి లంకల స్థితి వేరు. సరస్సు గర్భంలోని 46 బెడ్ గ్రామాలు, చుట్టూ ఉన్న 76 బెల్ట్ గ్రామాలు వర్షాకాలంలో నీటి మట్టాన్ని బట్టి జీవిస్తాయి. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తిన తరువాత, ఆ నీరంతా కొల్లేటికే చేరింది. లంక గ్రామాలకు వెళ్లే రహదారులు నీట మునిగి రాకపోకలు నిలిచాయి. అటువంటి రోజులలో బడికి చేరడమే కష్టం. మామూలు రోజులలో కూడా ఇంటికి ఉన్న ఒకే ఒక సెల్‌ఫోన్ తండ్రితోపాటు చేపల చెరువుకు వెళుతుంది. ఆయన తిరిగి వచ్చేసరికి సమావేశం ముగిసి ఉంటుంది. అంతరిక్ష శాస్త్రవేత్తతో ముఖాముఖి అంటే పట్టణ విద్యార్థికి ఇంకొక అవకాశం. లంక విద్యార్థికి అది మొదటి అవకాశం కావచ్చు. అందువల్లనే దాని సమయం, స్థలం, పద్ధతి లంక బడిని దృష్టిలో ఉంచుకుని నిర్ణయించవలసిన ఆవశ్యకత ఉన్నది.

ఆకాశం నుంచి కొల్లేరు

ఈ ప్రాంత విద్యార్థులకు, అంతరిక్ష విజ్ఞానానికి మధ్య సంబంధం కొత్తగా కల్పించవలసిన పని లేదు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరును ఉపగ్రహాలు దశాబ్దాలుగా గమనిస్తూనే ఉన్నాయి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే వరదను తనలో నిలుపుకుని, ఉప్పుటేరు ద్వారా నెమ్మదిగా సముద్రానికి వదిలే ఈ సరస్సు 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించబడింది. 2002లో రాంసార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది.

ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఐఆర్ఎస్-1డీ ఉపగ్రహ చిత్రాలను విశ్లేషించి 2004లో కరెంట్ సైన్స్ పత్రికలో ప్రకటించిన వ్యాసం ఈ సరస్సు స్థితిని దేశం ముందుంచింది. వారు పరిశీలించిన సుమారు 245 చదరపు కిలోమీటర్లలో దాదాపు 42 శాతం చేపల చెరువుల కింద ఉన్నట్లు ఆ చిత్రాలు వెల్లడించాయి. కొద్ది కాలానికే, 2005-06లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట అభయారణ్య పరిధిలోని చెరువుల గట్లు తొలగించబడ్డాయి. ఆ చెరువులపై ఆధారపడిన కుటుంబాలలో ఆ రోజులను నేటికీ తలచుకునేవారున్నారు.

ఈ చిత్రాలను చదవడం ఉన్నత పాఠశాల విద్యార్థికి అసాధ్యం కాదు. ఐఆర్ఎస్-1డీలోని లిస్-3 కెమెరాకు చిత్రంలోని ఒక్కొక్క చుక్క నేలపై 23.5 మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల గడికి సమానం. అంటే సుమారు 552 చదరపు మీటర్లు. ఎకరా 4,047 చదరపు మీటర్లు కనుక, ఎకరా చెరువు ఆ చిత్రంలో ఏడు చుక్కలకు మించదు. యాభై ఎకరాల చెరువు మూడు వందల అరవైకి పైబడిన చుక్కలుగా కనిపిస్తుంది. ఎనిమిదవ తరగతి గణితంతో ఈ లెక్క తేలుతుంది. తన తండ్రి పనిచేసే చెరువు ఆకాశం నుంచి ఎన్ని చుక్కలో లెక్కించిన విద్యార్థికి రిమోట్ సెన్సింగ్ అంటే ఏమిటో వేరుగా చెప్పనవసరం లేదు.

2025 జూలై 30న శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్‌వీ-ఎఫ్16 ద్వారా ప్రయోగించబడిన నిసార్ ఉపగ్రహం ఈ అవకాశాన్ని మరింత పెంచింది. ఇస్రో, నాసా సంయుక్తంగా నిర్మించిన ఈ ఉపగ్రహం 747 కిలోమీటర్ల ఎత్తు నుంచి రాడార్ తరంగాలతో భూమిని పరిశీలిస్తుంది. ప్రతి 12 రోజులకు తన పథాన్ని తిరిగి అనుసరిస్తుంది. రాడార్‌కు మబ్బులు అడ్డురావు, చీకటి అడ్డురాదు. నిశ్చలమైన నీటిపై పడిన తరంగం అద్దంపై పడిన వెలుగు వలె అవతలికి తిరిగిపోతుంది కనుక నీరున్న చోటు చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. మబ్బు కమ్మిన సెప్టెంబరులో కొల్లేటి వరద ఎంతవరకు వ్యాపించిందో తెలుసుకోవడానికి ఇటువంటి చిత్రాలే ఆధారం. వరదల సమయంలో హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాల నుంచి ముంపు పటాలను తయారుచేసి అధికారులకు అందజేస్తుంది.

ఇబ్బందికరమైన ప్రశ్న

కాబట్టి లంక గ్రామపు విద్యార్థి అడగదగిన ప్రశ్నలు చంద్రుని గురించే కానక్కరలేదు. మా ఊరు మునగబోతున్నదని ఉపగ్రహం ముందుగా చెప్పగలదా? గుర్రపుడెక్క కప్పిన నీటిని, పొలాన్ని వేరుచేసి ఎట్లా గుర్తిస్తారు? ఆటపాకకు వచ్చే పెలికాన్లను ఆకాశం నుంచి లెక్కపెట్టవచ్చునా? సరస్సు ఎంతవరకో, చెరువు ఎంతవరకో ఉపగ్రహం తేల్చితే మా ఇంటి సంగతి ఏమవుతుంది?

చివరి ప్రశ్న పెద్దలకు ఇబ్బంది కలిగించేది. సరిహద్దులు, జీవనోపాధి, పర్యావరణం, ఈ మూడూ ముడిపడి ఉన్న చోట అటువంటి ప్రశ్న ఎదురుకాకూడదని నిర్వాహకులు భావించడం సహజం. ముందుగా ప్రశ్నలను వడగట్టే సమయంలో మొదట పక్కకు పోయేది కూడా అదే. అయితే ఆ విద్యార్థికి అంతరిక్ష విజ్ఞానంతో ఉన్న నిజమైన సంబంధం ఆ ప్రశ్నలోనే ఉన్నది. ఉపగ్రహం నీటిని, గట్టును, పంటను చూపుతుంది, ఎవరి హక్కు ఎంత అన్నది చట్టం, ప్రజలు, ప్రభుత్వం తేల్చవలసిన విషయం అని శాస్త్రవేత్త ఆ విద్యార్థికి సూటిగా చెప్పవచ్చు. విజ్ఞానం చెప్పగలిగినది ఎంత, చెప్పలేనిది ఎంత అన్న ఈ వివేకం చిన్న వయస్సులో అలవడితే, రేపు ఆ విద్యార్థి తన గ్రామసభలో ఉపగ్రహ పటాన్ని చేతబట్టి మాట్లాడగలుగుతాడు. ప్రశ్నను తొలగిస్తే అతనికి మిగిలేది, అంతరిక్షం తనకు సంబంధించినది కాదన్న భావన మాత్రమే.

చేపట్టదగిన చర్యలు

ఈ కార్యక్రమాలు సత్ఫలితాలు ఇవ్వడానికి పెద్ద వ్యయం అవసరం లేదు. ఉన్న వనరులను సక్రమంగా అనుసంధానం చేస్తే సరిపోతుంది.

సమావేశానికి ముందు కనీసం రెండు వారాల సన్నాహం ఉండాలి. ఇస్రో వారి భువన్ 2009 నుంచి అందుబాటులో ఉన్నది. విద్యార్థుల కోసం స్కూల్ భువన్ పేరిట ప్రత్యేక పాఠాలు కూడా అందులో చేర్చబడ్డాయి. ఉపాధ్యాయులు తమ గ్రామ చిత్రాన్ని అందులో తెరచి, పిల్లలచేత బడిని, కాలువను, చెరువును గుర్తింపజేస్తే ప్రశ్నలు వాటంతట అవే పుట్టుకొస్తాయి. వాటిని గోడపై వ్రాయించి, పుస్తకంలో జవాబు దొరికిన వాటిని పిల్లలే కొట్టివేయడం మంచి అభ్యాసం.

సమావేశంలో భాష అడ్డంకి కాకూడదు. ఆంగ్లంలో అడగవలసి వస్తే ప్రశ్న ఉన్న విద్యార్థి వెనుకకు తగ్గి, ఆంగ్లం వచ్చిన విద్యార్థి ముందుకు వస్తాడు. హైదరాబాదు, శ్రీహరికోట కేంద్రాలలో తెలుగు తెలిసిన శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు ఎందరో పనిచేస్తున్నారు. తెలుగులో అడిగిన ప్రశ్నకు తెలుగులో సమాధానం ఇవ్వడం వారికి కష్టం కాదు. శాస్త్రవేత్తలతోపాటు రాకెట్ భాగాలను అమర్చే సాంకేతిక నిపుణులు, పటాలు తయారుచేసేవారు కూడా పాల్గొంటే, ఈ రంగంలో డిప్లొమా, ఐటీఐ చదివినవారికి కూడా స్థానం ఉన్నదని విద్యార్థులకు తెలుస్తుంది.

ఇంటర్నెట్ వేగం తక్కువగా ఉన్న చోట దృశ్యం తప్పనిసరి కాదు. బ్రిటన్‌లో 2008 నుంచి నడుస్తున్న ఒక కార్యక్రమంలో విద్యార్థులు, శాస్త్రవేత్తలు అక్షరాల ద్వారానే, వ్రాతపూర్వకంగా సంభాషిస్తారు. ముఖం కనిపించకపోవడం వల్ల బిడియపడే విద్యార్థులు సైతం స్వేచ్ఛగా అడుగుతున్నారని అక్కడి అనుభవం. లంక గ్రామాలకు ఈ పద్ధతి ఎంతో అనువైనది. నీరు చుట్టుముట్టే మాసాలను విడిచి, సంక్రాంతి తరువాత, పదవ తరగతి పరీక్షల హడావుడి మొదలు కాకముందు, బడి వేళలలోనే వీటిని ఏర్పాటు చేయడం శ్రేయస్కరం. సాయంత్రం ఇంటి నుంచి ఫోన్‌లో చేరవలసిందిగా కోరితే బాలికలు, మత్స్యకార కుటుంబాల పిల్లలు మొదట దూరమవుతారు.

దూరాన ఉన్న శాస్త్రవేత్త గంటసేపు మాత్రమే అందుబాటులో ఉంటారు. ఆ తరువాత పిల్లల సందేహాలు తీర్చడానికి దగ్గరలో ఒకరు ఉండాలి. తాడేపల్లిగూడెంలోని జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, ఏలూరు కళాశాలల విద్యార్థులు ఈ పాత్రను చక్కగా పోషించగలరు. ఒక్కొక్క బృందం ఒక్కొక్క ఉన్నత పాఠశాలను ఎంచుకుని, సమావేశానికి ముందు ఒకసారి, తరువాత రెండుసార్లు అక్కడికి వెళ్లి రావడం వారి చదువుకు కూడా ఉపకరిస్తుంది.

అన్నింటికన్నా ముఖ్యమైనది, అడగడానికి సమయం చాలని ప్రశ్నల సంగతి. నలభై మంది విద్యార్థులలో పది మందికి మాత్రమే మాట్లాడే వీలు దొరుకుతుంది. మిగిలిన ముప్ఫై ప్రశ్నలకు నెల రోజులలోగా వ్రాతపూర్వకంగా సమాధానం పంపే ఏర్పాటు జరగాలి. తన పేరు మీద వచ్చిన జవాబును ఇంటికి తీసుకువెళ్లి చూపిన విద్యార్థికి ఆ కాగితం ఏ ప్రశంసా పత్రానికీ తీసిపోదు.

లెక్కించవలసినవి

కార్యక్రమాల నివేదికలలో ఎన్ని పాఠశాలలు అనుసంధానమయ్యాయి, ఎంతమంది వీక్షించారు అన్న అంకెలకు ప్రాధాన్యం ఉండడం పరిపాటి. వాటితోపాటు మరి నాలుగు అంకెలను కూడా నమోదు చేయవలసి ఉన్నది. ఎంతమంది విద్యార్థులు స్వయంగా ప్రశ్న అడిగారు, వారిలో బాలికలు ఎందరు, లంక గ్రామాల వారు ఎందరు, సమాధానం ఇవ్వకుండా మిగిలిన ప్రశ్నలు ఎన్ని. చివరి అంకె సున్నాకు చేరినప్పుడు కార్యక్రమం పూర్తయినట్లు.

1975లో టెలివిజన్ ముందు కూర్చున్న పల్లె బాలుడు నేడు అరవై సంవత్సరాలకు చేరువలో ఉంటాడు. అతడు పాఠం విన్నాడు, చిత్రం చూశాడు. అతని మనస్సులో మెదిలిన ప్రశ్న ఎవరికీ చేరలేదు. అర్ధ శతాబ్దం తరువాత అతని మనుమరాలు అదే నేలపై, మరింత చిన్న తెర ముందు కూర్చుంటున్నది. ఈసారి ఆమె మాట అవతలికి వినిపించే సాధనం సిద్ధంగా ఉన్నది. ఆమె వంతు వచ్చేంతవరకు సమావేశాన్ని కొనసాగించడం నిర్వాహకుల బాధ్యత.